‘అదురు’ మాట మీద అపోహలు – వాస్తవాలు

2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హనుమకొండలో మా గల్లీ జనమంతా బయటికి వచ్చేశారు. ‘ఇల్లు అదిరింది’, ‘మంచం ఊగినట్టయింది’, ‘గిన్నెలు గలగలమన్నయ్’ అని ఒకరికొకరు చెప్పుకున్నారు. టీవీల్లో మాత్రం అంతా ‘ప్రకంపనలే’. తెలుగు వ్యాకరణం చెప్పేవాణ్ణి కాబట్టి అప్పటి నుంచి ఈ మాటల మీద ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. వాటిలో పదే పదే వినిపించే అపోహలివి.

అపోహ: ‘అదిరింది’, ‘అదరగొట్టాడు’ సినిమా పోస్టర్ల నుంచి పుట్టిన మాటలు.

వాస్తవం: మెచ్చుకోలు అర్థం కొత్తదే కానీ మాట చాలా పాతది. తమిళంలో ‘అతిర్’, కన్నడంలో ‘అదిరు’, మలయాళంలో ‘అతిరుక’ దీని తోబుట్టువులు. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు 1984) వీటన్నిటినీ ఒకే పద్దు కింద చేర్చింది. తమిళులు ‘త’ అని రాసినా రెండచ్చుల మధ్య దాన్ని ‘ద’కు దగ్గరగా పలుకుతారు. ఇక హల్లుతో ముగిసే తమిళ మాటకు మన దగ్గర ఉకారం చేరడం మామూలే: ఊర్–ఊరు, కాల్–కాలు. తమిళ ‘అతిర్’కు కదలడమే కాదు, ఉరుములా మారుమోగడం అనే అర్థం కూడా ఉంది. ‘అతిర్చి’ అంటే వాళ్లకు షాక్. బతుకమ్మ దగ్గరో, జాతరలోనో పక్కనే డప్పు మోగితే గుండె అదిరిందంటాం కదా, చప్పుడూ కదలికా అక్కడ విడదీయరానివి.

‘అదరగొట్టు’ కూడా ఎవరో కొత్తగా కల్పించింది కాదు. తెలుగు క్రియల్లో నడిమి ఉకారం, దాని తర్వాత వచ్చే అచ్చును బట్టి మారిపోతుంది: తిరుగు, తిరిగింది, తిరగదు, పెరుగు, పెరిగింది, పెరగదు. అదే దారిలో అదురు, అదిరింది, అదరదు. ‘అదర’కు ‘కొట్టు’ చేరితే అదరగొట్టు. అంటే అదిరేలా కొట్టడం. పగలగొట్టు, విరగగొట్టు తయారైంది కూడా ఇలాగే. అదురు, అదిరు, అదరు వేర్వేరు క్రియలేమో అని టెన్షన్ పడే పోటీ పరీక్షల పిల్లలకు ఈ ఒక్క సూత్రం చాలు. నాకు తెలుగులో అన్నిటికన్నా ముచ్చటైన సూత్రం ఇదే.

అపోహ: పెదవులు అదురుతాయి కాబట్టి, ‘అధరం’ నుంచి ‘అదురు’ పుట్టింది.

వాస్తవం: సంబంధం లేదు. అధరం సంస్కృతం, కింది అని, కింది పెదవి అని అర్థం. అందులో ఉన్నది ఒత్తు ‘ధ’.

అపోహ: అదురు, వణుకు, కంపించు, కుదుపు అన్నీ ఒకటే, అదురు అంటే మరీ గట్టిగా ఊగడం.

వాస్తవం: కన్ను అదిరింది అంటాం. అక్కడ కదిలింది రెప్ప మాత్రమే. భూమి అదిరింది అని కూడా అంటాం. కాబట్టి అదురుకు కొలత పెద్దా చిన్నా కాదు, ఆగకుండా చకచకా కదలడం. తీవ్రత చెప్పాలంటే ‘పోవు’ చేర్చి ‘అదిరిపోయింది’ అంటాం. వణుకు చలికో, జ్వరానికో, భయానికో ఒంట్లోంచి వస్తుంది. కుదుపు బయటి నుంచి తగులుతుంది. గుంతల రోడ్డు మీద బస్సు కుదిపేస్తుంది కానీ వణికించదు. కంపించు సంస్కృత ‘కంప్’ ధాతువుకు మన ‘ఇంచు’ చేర్చుకున్నది. భూకంపం, ప్రకంపన అదే కుటుంబం. వార్తల్లో అవి బాగానే ఉంటాయి. కానీ ‘ఇంట్లో ప్రకంపనలు సంభవించాయి’ అని పక్కింటివాళ్లతో ఎవరూ అనరు. పిల్లల వ్యాసాల్లో ఆ వాక్యం కనిపిస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: ‘అదురుడు’, ‘వణుకుడు’ తప్పు తెలుగు.

వాస్తవం: క్రియకు ‘ఉడు’ చేర్చి నామం చేయడం తెలంగాణలో నిలకడగా ఉన్న పద్ధతి: తినుడు, పోవుడు, ఊగుడు. పుస్తకాల భాషలో ‘అదరడం’ ఏ పని చేస్తుందో ఇక్కడ ‘అదురుడు’ అదే పని చేస్తుంది. పరీక్ష వ్యాసంలో ‘అదరడం’ రాయమని చెప్పండి, అభ్యంతరం లేదు. కానీ పిల్లవాడు రాసిన కథలో వాళ్ల నాయనమ్మ ‘గా అదురుడుకు పానం పోయినట్టయింది బిడ్డా’ అంటే, దాని మీద ఎర్రగీత పెట్టకండి.