వంక ఒడ్డున రాతి పనిముట్టు: వయసు తేల్చడం ఎందుకంత కష్టం?

పాత కర్నూలు జిల్లాలో వంక తెగిన ఒడ్డు చూస్తే అడుగున గులకరాళ్ల పొర, దానిమీద ఎర్రమన్ను, పైన మళ్లీ సన్నరాళ్లు కనిపిస్తాయి. ఆ గులకరాళ్ల మధ్య చేతిగొడ్డలి (ఆదిమానవుడు చేతిలో పట్టుకుని వాడేందుకు రెండు వైపులా చెక్కిన రాయి) కనిపించినప్పుడు ‘ఎన్నేళ్లది?’ అనే ప్రశ్న వస్తుంది. రాయిని చూసి జవాబు చెప్పలేం. పొరను చూడాలి.

ఈ వెతుకులాట 1863 మే 30న మొదలైంది. ఆ రోజు మద్రాసు దగ్గర పల్లావరంలో జియలాజికల్ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మనిషి చెక్కిన క్వార్ట్జైట్ రాయి దొరికింది. ఆయన సహచరుడు విలియం కింగ్ తరువాత కడప, కర్నూలు శిలల మీద 1872లో పెద్ద నివేదిక ఇచ్చాడు. మన కొండల క్వార్ట్జైట్ గట్టిది. వాగులు దాన్ని దొర్లించి నున్నటి గుండ్లుగా కిందికి తెస్తాయి. ఆదిమానవుడికి ముడిసరుకు అదే.

గుండు అంచున మరో రాయితో కొడితే పెచ్చు లేస్తుంది. పెచ్చుమీద దెబ్బ తగిలిన చోటు, దాని కింద చిన్న ఉబ్బు ఉంటాయి. క్వార్ట్జైట్ గరుకు రాయి కాబట్టి ఆ ఉబ్బు అంత తేటగా కనబడదు, కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. రెండు వైపులా వరుసగా పెచ్చులు లేపి అంచు తీర్చి ఉంటే అది మనిషి పని. అక్కడొకటి, ఇక్కడొకటి రాలి ఉంటే ఏటి పని కావచ్చు.

అంచు పదునుగా ఉంటే పనిముట్టు పడిన చోటుకు దగ్గరలోనే ఉన్నట్టు. అరిగి నున్నబడితే దూరం దొర్లిందని అర్థం. చిక్కేమిటంటే, ఏరు పాత గట్టును కోసి అందులోని రాళ్లను కొత్త పొరలో పరుస్తుంది. అందుకే పనిముట్టు తానున్న పొర కంటే చాలా పాతదీ కావచ్చు.

1930లో కామియాడ్, బర్కిట్ అనే పరిశోధకులు నల్లమల ప్రాంతంలోని భవనాశి వంటి వాగుల పొరలను, వాటిలోని పనిముట్లను నాలుగు వరుసలుగా పేర్చారు: చేతిగొడ్డళ్లు, పెచ్చు పనిముట్లు, పొడుగు బ్లేడ్లు, సూక్ష్మశిలలు (చాలా చిన్న రాతి పనిముట్లు). ఆ వరుస నేటికీ పనికొస్తుంది. పొరలను వానకాలాలు, ఎండకాలాల యుగాలకు ముడిపెట్టిన వాళ్ల లెక్క మాత్రం నిలబడలేదు.

ఇప్పుడు పొరలోని ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసిందెప్పుడో కొలుస్తారు. ఉక్కు గొట్టాన్ని ఒడ్డులోకి కొట్టి, వెలుతురు సోకకుండా మూసి, ప్రయోగశాలలో ఎర్రదీపం కింద తెరుస్తారు. బురద వరదలో కొట్టుకొచ్చి ఎండ సరిగా తగలని రేణువులైతే వయసు ఎక్కువగా వస్తుంది. వట్టి గులకరాళ్లే ఉంటే అసలు నమూనాయే దొరకదు.

జ్వాలాపురంలో (ఇప్పుడు నంద్యాల జిల్లా) ఈ తిప్పలు కొంత తగ్గాయి. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి విసిరిన బూడిద జుర్రేరు లోయలో పొరగా నిలిచింది. 2007లో వెలువడిన పరిశోధన దాని కిందా పైనా ఒకే తీరు పనిముట్లున్నాయని చూపింది. వాటిని చేసింది మనలాంటి మనుషులేనా అన్నది ఇంకా తెగలేదు.

ఒడ్డున పనిముట్టు కనబడితే కదపకండి, కడగకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, నేలమట్టం నుంచి లోతు, పొర రంగు రాసుకుని పురావస్తు శాఖకు చెప్పండి. గ్రావెల్ కోసం జేసీబీ దిగాక రాళ్లు మిగలొచ్చు, వరుస మిగలదు. జ్వాలాపురం బూడిదనూ గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకుపోయారు. అది పోయిన చోట కింది రాయేదో పైరాయేదో చెప్పే గీత లేదు.