సగటుకు కనపడని పదిమంది

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. సుఖవ్యాధుల పాఠం వచ్చేసరికి చాలా క్లాసుల్లో "ఇది ఇంట్లో చదువుకోండి" అనేసి ముందుకు పోతారు. ఇన్నేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నాకు ఆ మొహమాటం తక్కువ. ఇంటర్‌కి వచ్చారు, సంభావ్యత చదువుతున్నారు కదా, ఈ జబ్బులు ఎలా పాకుతాయో లెక్కలోనే చూపిస్తాను.

రోగాలకు లెక్క కట్టడం పాత విద్యే. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ తర్వాతి రోజుల్లో సమీకరణాలు కూడా రాశాడు. దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే మలేరియా దానంతటదే పోతుందని ఆయన లెక్క. హద్దు అన్న ఆ ఆలోచన ఇక్కడా పనికొస్తుంది. ఒక్కో రోగి సగటున ఒకరికంటే ఎక్కువమందికి అంటిస్తే జబ్బు పెరుగుతుంది, తక్కువమందికైతే తగ్గిపోతుంది.

సుఖవ్యాధుల్లో ఆ సంఖ్య కావాలంటే మూడింటిని గుణించాలి: జంటలో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే సంభావ్యత, ఏడాదికి ఎంతమంది కొత్త భాగస్వాములు, ఒక మనిషి జబ్బు అంటించే స్థితిలో ఎన్నాళ్లు ఉంటాడు.

గనేరియా తీసుకుందాం. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదు. గనేరియా అలా కాదు, మందుతో నయమైనవాళ్లకు కొద్దిరోజుల్లోనే మళ్లీ అంటుకోవచ్చు. కాబట్టి ఈ లెక్కలో జనం రెండే గుంపులు. జబ్బు ఉన్నవాళ్లు, లేనివాళ్లు. మనుషులు అటూ ఇటూ మారుతుంటారు.

ఇప్పుడు కాగితం తీయండి. నేను కల్పించిన ఊళ్లో 100 మంది. 90 మందికి ఏడాదికి ఒక్కరే భాగస్వామి, మిగతా పదిమందికి 21 మంది చొప్పున. మొత్తం 300, సగటు 3. అంటుకునే సంభావ్యత సగం, జబ్బు ఉండేది రెండు నెలలు, అంటే ఏడాదిలో ఆరో వంతు. గుణిస్తే పావు వస్తుంది. ఒకటికంటే ఎంతో తక్కువ, జబ్బు పోవాలి.

పోదు. ఎందుకంటే ఆ 300లో 210 ఆ పదిమందివే. ఎవరి భాగస్వామినైనా ఒకరిని చీటీ తీసినట్టు తీస్తే, నూటికి 70 సార్లు ఆ పదిమందిలో ఒకరే వస్తారు. అలా వచ్చిన మనిషికి సగటున ఎంతమంది? 0.7ను 21తో, 0.3ను 1తో గుణించి కూడండి. 15! జబ్బు నడిచే దారిలో సగటు 3 కాదు, 15. మళ్లీ గుణిస్తే 1.25 వస్తుంది. జబ్బు ఊళ్లో స్థిరపడిపోతుంది, ఒక్క మనిషితోనే ఉన్న 90 మందిలోనూ కొందరికి తగులుతుంది.

1970ల్లో అమెరికాలో ఏడాదికి దాదాపు 10 లక్షల గనేరియా కేసులు నమోదయ్యేవి. హెర్బర్ట్ హెత్‌కోట్, జేమ్స్ యార్క్ అనే గణితజ్ఞులు దాని మీద చాలా ఏళ్లు పనిచేసి 1984లో పుస్తకం వేశారు. ఆ పదిమందిలాంటి చిన్న గుంపుకు వాళ్లు పెట్టిన పేరు 'కోర్ గ్రూప్'.

ఆ పదిమందే పాపులన్నమాట అని మాత్రం చదవకండి. నాకైతే లెక్కలో అందుకు పూర్తిగా విరుద్ధమైనదే కనిపిస్తుంది. వాళ్లకు నెలలోపు వైద్యం అందేలా చేయండి, 1.25 కాస్తా దాదాపు 0.64 అవుతుంది. తిట్టి దూరం పెడితే వాళ్లు క్లినిక్‌కి రారు, జబ్బు ఉండే కాలం పెరుగుతుంది, నష్టం ఊరందరిదీ.

మన దగ్గర హెచ్‌ఐవీ విషయంలో ఇదే దారి పట్టారు. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో మొదలైన 'ఆవాహన్' అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో నడిచింది. సెక్స్ వర్కర్లే తోటివాళ్లకు కండోమ్‌లు (మా తరానికి నిరోధ్) అందించారు, క్లినిక్‌లకు తీసుకెళ్లారు. హెచ్‌ఐవీ పూర్తిగా నయం కాదు, కానీ రోజూ మందులు వేసుకుంటూ రక్తంలో వైరస్ కనపడనంత తగ్గినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి అంటదు. అది కూడా ఆ గుణకారాన్ని తగ్గించేదే.

అయితే మొదట వేసే అంకె తప్పయితే సమీకరణం ఏం చేస్తుంది? అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ అంచనాలు ఎక్కువగా ప్రభుత్వాసుపత్రులకు వచ్చే గర్భిణులు, సుఖవ్యాధుల క్లినిక్‌ల రోగుల పరీక్షల మీద ఆధారపడేవి. గుంటూరు జిల్లాలో జనం మధ్యకు వెళ్లి రక్తం పరీక్షిస్తే, పాత పద్ధతి అంచనా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2007లో దేశం మొత్తం అంచనా 50 లక్షల పైనుంచి 25 లక్షలకు దిగింది. ఏడాదిలో జబ్బు సగమైందని కాదు, లెక్క సరిచేశారు.

ఇక మీకు ఒక ప్రశ్న. ఎన్నో దేశాల సర్వేల్లో మగవాళ్లు చెప్పే భాగస్వాముల సగటు, ఆడవాళ్లు చెప్పేదానికంటే ఎక్కువ. ఆడా మగా సమానంగా ఉన్న ఊళ్లో ఆడ-మగ జంటలే లెక్కేస్తే రెండు సగటులూ ఒకటే కావాలి. ఎక్కువ చెప్పిందెవరు, దాచిందెవరు, సర్వేవాళ్లు తలుపు తట్టిన ఇళ్లలో అసలు లేనివాళ్లెవరు? ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

ఉంటాను,
మీ అమ్మమ్మ