ఆ సూట్లు కుట్టించకండి

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవులు పెద్దోడికి, నడిపోడికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

వచ్చే నెల మీరు క్రొయేషియాలో చిన్న ఓడ ఎక్కబోతున్నారని, అందులో డిన్నర్‌కి ఏం వేసుకోవాలో తేలక ముగ్గురూ టెన్షన్ పడుతున్నారని మీ అమ్మ చెప్పింది. మనిషికి 20 వేలు పెట్టి సూట్లు కుట్టించుకుందామని కూడా అనుకుంటున్నారట. అడ్వాన్స్ ఇచ్చేలోపే ఈ ఉత్తరం మీకు అందాలని ఇవాళే రాస్తున్నాను. ఫోన్లో చెప్తే ఒకరు విన్నది ఇంకొకరికి చేరదు. కాగితం మీద ఉంటే ముగ్గురూ చదువుకుంటారు.

నేను బతుకంతా బట్ట కత్తిరించి కుట్టినవాణ్ణి. పైగా మీ పిన్ని తీసుకెళ్తే అక్కడి తీరంలోని స్ప్లిట్ ఊరి నుంచి డుబ్రోవ్నిక్ ఊరి దాకా అలాంటి ఓడలోనే వెళ్ళొచ్చాను. అందుకని ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు. సూటు వద్దు, టై వద్దు. అలాగని ఇంట్లో వేసుకునే నిక్కరూ టీషర్టుతో భోజనానికి కూర్చోవడమూ కుదరదు. ఈ రెండింటి మధ్య ఉన్నదే మీరు తెలుసుకోవాలి.

మీరు వీడియోల్లో చూసి భయపడింది పెద్ద ఓడలను. క్వీన్ మేరీ 2 లాంటి ఓడలో 2,600 మందికి పైగా ప్రయాణిస్తారు. అక్కడ కొన్ని రాత్రులను ప్రత్యేకంగా గాలా రాత్రులంటారు. ఆ రోజుల్లో పెద్ద డైనింగ్ హాల్లోకి వెళ్ళాలంటే మగవాళ్ళు టక్సీడో (విందులకు బో టైతో వేసుకునే నల్ల సూటు) గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకోవాలి. మీరు ఎక్కేది అలాంటిది కాదు. స్ప్లిట్, డుబ్రోవ్నిక్‌ల మధ్య తిరిగే చిన్న ఓడల్లో మామూలుగా 40 మందికి మించి ఉండరు. ఒకటే భోజనాల గది, పైన ఒక డెక్కు, అంతే. రెండో రోజుకల్లా అందరికీ అందరూ తెలిసిపోతారు. అక్కడ టక్సీడో వేసుకుంటే మీరొక్కరే వేరుగా కనిపిస్తారు, ఆ పూటంతా దాని గురించే మాట్లాడాల్సి వస్తుంది.

కంపెనీ పంపిన కాగితంలో ‘స్మార్ట్ క్యాజువల్’ అని ఉందని నడిపోడు అడిగాడట. మగవాళ్ళ వరకు దానికి అర్థం తేలికే: కాలర్ ఉన్న చొక్కా, ఫుల్ ప్యాంటు, కాలివేళ్ళు కనపడని బూట్లు, అన్నీ శుభ్రంగా. పగలు ఏమైనా వేసుకోండి. టిఫిన్ అయ్యాక ఓడ కదులుతుంది, మధ్యాహ్నం లోపు ఎక్కడో ఒక చోట లంగరు వేసి ఈతకు దింపుతారు, తడి నిక్కర్లతోనే జనం డెక్కు మీద తిరుగుతారు. ఆ వేషానికి ఎవరూ ఏమీ అనుకోరు. సాయంత్రం స్నానం చేశాక మాత్రం మార్చుకోవాలి. అసలు సంగతంతా ఈ మార్చుకోవడంలోనే ఉంది. ఉప్పునీళ్ళు, సన్‌స్క్రీన్, చెమట కలిసిన బట్టలతో ఆ చిన్న గదిలో పక్కవాళ్ళకు జానెడు దూరంలో కూర్చుంటే వాళ్ళకు ముద్ద దిగదు. బల్లకు అటువైపు కూర్చున్నది బహుశా మీ అమ్మ వయసు ఆవిడే అయి ఉంటుంది. ఆ పూట ఆవిడ కూడా బాగా తయారై వచ్చి ఉంటుంది. ఆవిడ కోసమైనా చొక్కా మార్చుకోండి.

ఇంకో సంగతి కాగితాల్లో రాయరు. సాయంత్రం రేవులో చోటు చాలక ఓడలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. మీ ఓడ మూడోదో నాలుగోదో అయితే ఒడ్డుకు వెళ్ళడానికి మిగతా ఓడల మీదుగా నడవాలి. అక్కడ వేరేవాళ్ళు కూర్చుని భోంచేస్తుంటారు. వాళ్ళను దాటుకుంటూ భుజాన టవలేసుకుని వెళ్ళకూడదు కదా. చాలా రాత్రులు ఓడలో భోజనం ఉండదు, ఊళ్ళోకి వెళ్ళి తినాలి. హ్వార్ ఊళ్ళో చొక్కా లేకుండా తిరిగితే జరిమానా అని 2017లోనే బోర్డులు పెట్టారు, అదీ వందల యూరోల్లో. పెద్దోడా, గోవాలో తిరిగినట్టు తిరగకు.

ఇక చొక్కా సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఓడ గదిలో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు. నిప్పు భయం వాళ్ళకు చాలా ఎక్కువ. కాబట్టి నలగని బట్టే తీసుకెళ్ళాలి. కొనేముందు షాపులోనే పరీక్ష చేయండి. చొక్కా కింది అంచును గుప్పిట్లో గట్టిగా పట్టి, పది లెక్కపెట్టి వదలండి. ముడతలు వాటంతటవే విప్పుకుంటుంటే తీసుకోండి. నలిపి పడేసిన కాగితంలా అలాగే ఉండిపోతే పక్కన పెట్టండి. పల్చటి పాప్లిన్ ఈ పరీక్షలో నిలబడదు. కొంచెం పాలిస్టర్ కలిసిన కాటన్ నిలబడుతుంది. సీర్‌సకర్ అని గీతలు గీతలుగా ముడతలుండే బట్ట ఒకటి దొరుకుతుంది. నేతలోనే పడుగు దారాలను కొన్ని వరసలు బిగువుగా, కొన్ని వదులుగా పెడతారు కాబట్టి ఆ ముడత పుట్టుకతోనే వస్తుంది. దానికి ఇస్త్రీతో పనే లేదు. ఒంటికి మొత్తం అతుక్కోదు కాబట్టి గాలి కూడా ఆడుతుంది. మీ ప్రయాణానికి నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. లినెన్ నలుగుతుంది, కానీ దాని నలుగుడు చూడ్డానికి బాగానే ఉంటుంది, అక్కడివాళ్ళు సగం మంది అదే వేసుకుంటారు. మన పెళ్ళిళ్ళలో లాగా మడత చెదరకూడదని అక్కడ ఎవరూ అనుకోరు. మరీ నలిగితే స్నానం చేసేటప్పుడు చొక్కాను బాత్రూమ్ తలుపుకు తగిలించండి, వేడినీళ్ళ ఆవిరికి సగం ముడతలు పోతాయి.

చొక్కా ప్యాంటులోకి దోపాలా, బయటికి వదలాలా అంటే, కింది అంచు చూడండి. అంచు వంపు తిరిగి ముందూ వెనకా పొడుగ్గా తోకలా ఉంటే అది లోపలికి దోపడానికి కుట్టింది. అంచు తిన్నగా ఉండి, పక్కన చిన్న చీలిక ఉంటే బయటికి వదలడానికి కుట్టింది. బయటికి వదిలేది ప్యాంటు వెనక జేబు సగం దాకా వస్తే చాలు. జేబు మొత్తం దాటితే మనిషి పొట్టిగా కనిపిస్తాడు. చిన్నోడు కొనేవన్నీ అలాగే ఉంటున్నాయి, ఆ అంచులు నేను ఎత్తి కుట్టిస్తాను. టీషర్టు అయితే కాలర్ ఉన్నదే తీసుకోండి. నాలుగు ఉతుకులకే కాలర్ అంచులు పైకి లేచిపోయినవి మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ఎంత బ్రాండైనా అలాంటి కాలర్‌తో ఎదుటివాడికి నిద్ర లేచొచ్చినట్టే కనిపిస్తారు.

ఒక చొక్కా మాత్రం మన మగ్గం బట్టతో కుట్టించుకోండి. పోచంపల్లి ఇక్కత్ అయితే ఇంకా మంచిది. మన ఊరికి ఓ గంటన్నర దూరంలో నేసే బట్ట అది, 2005లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు మీద దక్కే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముదురు రంగు ఎంచుకుంటే ఇక్కడే విడిగా ఒకసారి ఉతికించండి. మొదటి ఉతుకులో రంగు దిగితే ఓడలో తెల్లచొక్కాలన్నీ పాడవుతాయి. నేను ఆ బట్ట చొక్కా వేసుకున్న రాత్రి మా బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన కాలర్ దగ్గరి బట్ట పట్టుకుని చూసి, అంచు మసకమసకగా ఉన్న ఆ డిజైను ఎలా వస్తుందని అడిగాడు. నేసే ముందే దారాలకు ముడులు కట్టి రంగులో ముంచుతారని, మగ్గం మీద ఆ రంగులు ఒకదానికొకటి సరిపడేలా దారం దారం జరుపుకుంటారని పిన్ని ఇంగ్లీషులో చెప్పింది. భోజనం అయ్యేదాకా అవే మాటలు. ఖరీదైన సూటుకు అలాంటి పలకరింపు దొరుకుతుందని నేననుకోను.

ప్యాంట్లు రెండు చాలు. ఒకటి ఖాకీ రంగు, ఒకటి ముదురు నీలం, కాటన్‌వి. జీన్స్ వేసుకోవచ్చా అంటే, చిరుగుల్లేని ముదురు రంగు జీన్స్ వేసుకోవచ్చు. కానీ తడిస్తే ఆ గదిలో రెండు రోజులైనా ఆరదు.

బూట్ల దగ్గర జాగ్రత్త. పెళ్ళికి కొన్న తోలు అడుగు బూట్లు అస్సలు వద్దు. డెక్కు తడిగా ఉంటుంది, మెట్లు నిలువుగా ఉంటాయి. ఊళ్ళోకి వెళ్తే డుబ్రోవ్నిక్ పెద్దవీధి స్ట్రాడున్‌లో పరిచిన సున్నపురాయి వందల ఏళ్ళ నడకకు అద్దంలా నునుపుదేరింది, పొడిగా ఉన్నప్పుడే కాలు జారుతుంది. రబ్బరు అడుగున్న లోఫర్లు, అంటే లేసుల్లేని బూట్లు తీసుకోండి. నల్ల అడుగు కొన్నిటికి నేల మీద గీతలు పడతాయి, డెక్కు తుడిచే కుర్రాళ్ళకు అది చాకిరీ, లేత రంగు అడుగైతే ఆ బాధ ఉండదు. హవాయి చెప్పులు ఈతకు మాత్రమే.

కుర్తా పైజామా వేసుకోవచ్చా అని మొహమాటపడ్డారట. నిశ్చింతగా వేసుకోండి. వారంలో ఒక రాత్రి కెప్టెన్స్ డిన్నర్ ఉంటుంది, కెప్టెన్ అందరితో కలిసి భోంచేస్తాడు. ఆ రాత్రికి అదే సరైనది. తెల్ల కుర్తా మీద నెహ్రూ జాకెట్ వేస్తే ఆ గదిలో మీకన్నా హుందాగా ఎవరూ కనిపించరు. మన ఊళ్ళో ఒకప్పుడు దర్బారుకైనా కచేరీకైనా హిందువులూ ముస్లింలూ అందరూ షేర్వానీతోనే వెళ్ళేవాళ్ళు. మెడ దాకా గుండీలున్న దుస్తులు మనకు కొత్త కాదు. మన బట్ట తక్కువదన్న అనుమానం మీలో ఏ మూలైనా ఉంటే తీసేయండి. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. దాని మీద ఎంత గొడవైందంటే, అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ అలా ఆపడం నేరమని చట్టమే చేసింది. అయినా ఓడలో పంచె వద్దంటాను. దానికి కారణం వేరే. ప్రతి తలుపు దగ్గరా నీళ్ళు రాకుండా ఎత్తైన గడప ఉంటుంది, డెక్కు మీద గాలి కొడుతుంది, నిలువు మెట్ల మీద కుచ్చెళ్ళు కాలికింద పడితే మనిషి పడతాడు. లుంగీ గదిలో పడుకునేటప్పుడు కట్టుకోండి.

టై వద్దన్నానని మీ నాన్న ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు ఒక మాట చెప్పండి. ఈ టై అనేదే ఆ దేశం నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు కొలువుకు వెళ్ళిన క్రొయేషియా సైనికులు మెడకు కట్టుకున్న గుడ్డను చూసి అక్కడి దొరలు మోజుపడ్డారు, అక్కడి నుంచి లోకమంతా పాకింది. ఇప్పటికీ వాళ్ళు అక్టోబర్ 18న టై పండగ చేసుకుంటారు. 2003లో పులా ఊళ్ళోని పాత రోమన్ అరీనా చుట్టూ పెద్ద ఎర్ర టై కట్టారు కూడా. అలాంటి చోట కూడా ఓడలో భోజనానికి టై కట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

సెప్టెంబర్‌లో పగలు ఎండగా ఉన్నా రాత్రి డెక్కు మీద చల్లగా ఉంటుంది. బురా అని ఈశాన్యం నుంచి కొండల మీదుగా దిగే గాలి ఒకటుంది, అది మొదలైతే హైదరాబాద్ డిసెంబర్ చలి ఏ మూలకూ చాలదు. పల్చటి స్వెటర్ తలో ఒకటి పెట్టుకోండి, చొక్కా మీద వేస్తే డిన్నర్‌కీ బాగుంటుంది. టోపీ భోజనాల గదిలోకి వెళ్ళే ముందే తీసేయండి. సెంటు ఒక్కసారి కొట్టుకుంటే చాలు, తలుపులు మూసిన గదిలో అది అందరి కూరలోకీ వస్తుంది. ఓడలో మంచినీళ్ళు లెక్క ప్రకారం ఉంటాయి కాబట్టి స్నానం త్వరగా ముగించండి.

మొత్తం ఏడు రాత్రులకు తలా నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక కుర్తా జత, ఒక స్వెటర్, ఒక జత బూట్లు. అంతకు మించితే పెట్టడానికి చోటుండదు. గదిలో బీరువా మన పూజ అల్మరా అంత కూడా ఉండదు. గట్టి సూట్‌కేస్ కాకుండా మడిచి మంచం కిందకి తోసే గుడ్డ బ్యాగు తీసుకెళ్ళండి. చివరి రాత్రి సామాను సర్దేటప్పుడు మర్నాడు వేసుకునే జత బయట ఉంచుకోవడం మర్చిపోకండి.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రండి, చొక్కాలు, ప్యాంట్లు అన్నీ పట్టుకుని. అంచులు, పొడవులు నేను చూస్తాను. ఆ లోఫర్లు కూడా తెచ్చుకోండి, బూటు వేసుకుని నిలబడితేనే ప్యాంటు ఎక్కడిదాకా రావాలో గుర్తు పెట్టగలను. చిన్నోడి కుర్తాకు ఆ రోజే కొలతలు తీసుకుంటాను. పది రోజుల్లో ఇచ్చేస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య