రీడింగ్ కాదు, ఏం మోసిందో అడగండి: పాత పికప్ బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో నా షెడ్డుకు పాత బండి చూపించడానికి వచ్చేవాళ్లలో సగం మంది కొనేశాకే వస్తారు. "అన్నా, ఒకసారి చూడు, బండి ఎట్టుందో చెప్పు" అంటారు. డబ్బు కట్టేసిన సంగతి ముఖంలోనే తెలిసిపోతుంది. అప్పుడు నేను చెప్పేదేముంటుంది? పెళ్లయిపోయాక జాతకాలు చూడమన్నట్టు ఉంటుంది.

రెండేళ్ల కిందట పొదలకూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. బొలెరో పికప్, 2018 మోడల్, 4 లక్షల 60 వేలకు కొన్నాడు. పొలం మీద కొంత, భార్య నగల మీద కొంత తెచ్చిన డబ్బు. "రీడింగ్ 61 వేలేనన్నా" అని నేను అడగకముందే చెప్పాడు. బండి కిందికి దూరాను. చాసిస్, అంటే బండిని మోసే అడుగు చట్రం, అంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఆరేళ్లు తిరిగిన బండికి కింద అంత నలుపు ఉండకూడదు. దుమ్మూ గ్రీజూ బురదా కలిసిపోయి ఒక మట్టిరంగు తేలి ఉండాలి. వెనక కమాన్ పట్టీలను (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర పానాతో తట్టాను. ఖణేల్‌మనలేదు. తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు చప్పుడొచ్చింది. ఇంకోసారి తడితే నల్ల పెయింటు పెచ్చుగా ఊడి నా మెడ మీద పడింది. దాని వెనక తుప్పు పొరలు పొరలుగా ఉంది, గోరుతో గీకితే రాలుతోంది.

అది రొయ్యల బండి. క్యాబిన్‌లో మ్యాట్ ఎత్తితే వాసన ఇంకా పోలేదు.

అపోహ: రీడింగ్ తక్కువుంటే బండి మంచిది

మా పనిలో జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు చిన్న లెక్క. ఆరేళ్లలో 61 వేలంటే రోజుకు 28 కిలోమీటర్లు. ఫైనాన్స్ మీద తీసుకున్న పికప్ రోజుకు 28 కిలోమీటర్లు తిరిగితే కంతు ఎట్లా కడతారు? డీజిల్, డ్రైవర్ బత్తా, టైర్లు పోను ఏం మిగులుతుంది? బాడుగకు తిరిగే బండి రోజుకు వంద దాటుతుంది, అంటే ఏడాదికి 35 వేల పైమాటే. మీటర్‌ను వెనక్కి తిప్పడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు. ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటే టీ చల్లారేలోపు అయిపోతుంది. మీటర్ 60 వేలంటుంది, క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము బయటపడి ఉంటుంది. గేర్ రాడ్ గుండు మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి. ఆ రెండింట్లో నేను రబ్బరునే నమ్ముతాను.

అయితే రీడింగ్ నిజంగా తక్కువున్న బండి మంచిదేనా అంటే, అదీ కాదు. టౌన్‌లో వాటర్ క్యాన్లు వేసిన ఒక టాటా ఏస్ నా దగ్గరికొచ్చింది. రీడింగ్ నిజమైనదే, అంతా కలిపి 54 వేలు. కానీ ఇంటింటికీ ఆగడం, ఎత్తడం, మళ్లీ ఫస్ట్ గేర్, మళ్లీ ఆగడం. క్లచ్ ప్లేటు పోయింది, ఫ్లైవీల్ మీద వేడికి మచ్చలు పడ్డాయి, స్టార్టర్ మూలుగుతోంది. ఇంకోవైపు, ఒంగోలుకు రోజూ మందుల పెట్టెలు వేసుకుపోయి వచ్చిన పికప్ ఒకటి. హైవే మీదే తిరిగింది, బరువు తక్కువ, డ్రైవరు ఒక్కడే. 2 లక్షల 80 వేలు తిరిగినా ఆయిల్ మూత తీస్తే ఆవిరి కూడా సరిగా రావడం లేదు, అంటే ఇంజిన్ లోపల ఇంకా అరగలేదు. మా తమ్ముడికి అదే ఇప్పించాను.

అందుకే అడగాల్సింది ఎంత తిరిగిందని కాదు, ఏం మోసిందని.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పికప్‌లు మోసేది ఏంటో మనకు తెలియంది కాదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యలు, చేపలు, మేత. పొదలకూరు నుంచి నిమ్మకాయలు. ఉలవపాడు నుంచి మామిడి. చీమకుర్తి వైపు రాయి ముక్కలు, కంకర. కొండపి, టంగుటూరులో పొగాకు. అన్నీ ఒకే కంపెనీ బండ్లే కావచ్చు, నాలుగేళ్లయ్యేసరికి ఒక్కోటి ఒక్కో జాతి అవుతుంది.

ఇందులో బండిని అన్నిటికంటే ఎక్కువ పాడు చేసేది రొయ్య. బరువు వల్ల కాదు, నీళ్ల వల్ల. ట్రేలలో ఐసు కరిగి ఉప్పు కలిసిన నీళ్లు బాడీ సందుల్లోంచి చాసిస్ మీదకు కారుతూనే ఉంటాయి. చెరువు గట్ల మీద ఉప్పు బురద అడుగున పట్టుకుంటుంది. ఇంటికొచ్చాక బాడీ కడుగుతారు, అడుగు ఎవరు కడుగుతారు? ఆ ఉప్పు వెనక కమాన్ బ్రాకెట్లలో, క్రాస్ మెంబర్ (అడ్డ కమ్మీ) చాసిస్‌ను కలిసే మూలల్లో, బాడీ బోల్టుల దగ్గర కూర్చుంటుంది. బ్రేక్ పైపులను తింటుంది, నాకు భయం వేసేది అక్కడే. ఇంజిన్ అరిగి బోర్‌కు వస్తే బండి పొగ పెట్టి చెబుతుంది. తుప్పుపట్టిన బ్రేక్ పైపు ఏమీ చెప్పదు, బరువుతో దిగుడులో గట్టిగా తొక్కిన రోజున పగులుతుంది. ఎర్తింగ్ కూడా పోతుంది, హెడ్‌లైట్లు ఊరికే మినుకుమంటుంటే బల్బులు మార్చుకుంటూ పోతారు.

ఇంజిన్ పోతే చేయించుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు. చాసిస్ తుప్పు తింటే వెల్డింగ్ పట్టీ వేస్తారు, ఆ పట్టీ అంచున మళ్లీ విరుగుతుంది. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు ఇంజిన్ సౌండు చూసి మురిసిపోతారు, చాసిస్ వైపు చూడనే చూడరు. వంద మందిలో ఒకరు కూడా వంగి చూడటం నేను చూడలేదు.

అమ్మేవాడు "కూరగాయలకే తిరిగింది" అంటాడు. అందరి బండ్లూ కూరగాయలకే తిరుగుతాయి మరి. బాడీని అడగండి. ఫ్లోర్ రేకు మీద గుండ్రటి గీతలుంటే గ్యాస్ సిలిండర్లు. మూలల్లో ఎర్ర పొడి ఉంటే ఇటుకలు. రేకు గుంటలు గుంటలుగా లోపలికి దిగి, వెనక డోరు వంకరపోయి ఉంటే రాయి. బోల్టుల చుట్టూ తెల్లగా ఉప్పు పూసి, రేకు అంచులు బిస్కెట్‌లా విరుగుతుంటే రొయ్యో చేపో. తర్వాత వెనక కమాన్ పట్టీలు లెక్కపెట్టండి. అదే మోడల్ బండి ఇంకోటి పక్కన ఉంటే పోల్చండి. ఒకటో రెండో ఎక్కువున్నాయంటే ఆ బండి తన శక్తికి మించి మోసింది. అది మోసింది కాబట్టి మీకూ మోస్తుందనుకోకండి. మోయగలిగిందంతా ముందు ఓనర్ దగ్గరే మోసేసింది.

అడుగున కొత్త నల్ల పెయింటు కనిపిస్తే బేరం ఆపండి. తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించాం అంటారు. అమ్మే ముందు వారం వేయించారా అని అడిగితే నవ్వుతారు.

అపోహ: ఫారాల మీద సంతకం ఉంటే బండి మనదే

ఇది రెండో గుంట. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని, ఆర్‌సీ జేబులో పెట్టుకుని ఏళ్లకేళ్లు తిప్పుతారు. "అమ్మేటప్పుడు డైరెక్టుగా వాళ్ల పేరుకే మారుద్దాంలే" అని. 2013లో నేనూ ఇదే చేశాను, అమ్మేవాడి వైపు నుంచి. నా పాత ఏస్ ఒకరికి అమ్మి ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టిచ్చాను. ఏడాదిన్నర తర్వాత ఒక స్టేషన్ నుంచి ఫోన్, నా బండి తగిలి ఒకాయన కాలు విరిగిందని. నా బండా? అది అప్పటికి మూడో చేతిలో ఉంది. కాగితం మీద మాత్రం నాదే. రెండేళ్లు వాయిదాలకు తిరిగాను. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కొనేవాళ్లకు ఇంకో బాధ. పాత ఓనర్ పోతే ఆ సంతకాల ఫారాలు దేనికీ పనికిరావు, వారసులను వెతుక్కుని ఫారం 31 వేయాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, కంతులు అయిపోయాయన్న మాట నమ్మొద్దు. ఫైనాన్స్ తీసేయడానికి వేసే ఫారం 35, ఇక బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టాలి, ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజులే. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో చాలావరకు కనిపిస్తుంది. చలాన్లు విడిగా చూడండి. చాసిస్ నంబరు మాత్రం బండి మీద చెక్కినదే చూసి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. అక్కడ గీకినట్టో వెల్డింగ్ చేసినట్టో ఉంటే, బయానా ఇచ్చి ఉన్నా వదిలేసి రండి.

చెన్నై దగ్గర కాబట్టి తమిళనాడు బండ్లు చవగ్గా వస్తాయి. తేవచ్చు. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్సు, కొత్త నంబరు, వీటి ఖర్చు కలుపుకున్నాక కూడా చవగ్గా ఉందా అన్నది చూసుకోండి. చాలాసార్లు ఉండదు.

మిగతావి గబగబా

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రద్దు చేస్తున్నారంట కదన్నా? ఇది నాకు నెలకోసారి వాట్సాప్‌లో వస్తుంది. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల గొడవ. మన దగ్గర ఎఫ్‌సీ ఉన్నంతకాలం బండి తిరుగుతుంది. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ. వయసు పెరిగేకొద్దీ ఫీజు పెరుగుతుంది, అది కనుక్కోండి. ఎఫ్‌సీ లేని బండి మాత్రం చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండితో సమానం. "ఎఫ్‌సీ మీరు చేయించుకోండి, పది వేలు తగ్గిస్తా" అంటే, అది ఎందుకు పాసవలేదో ఆయనకు తెలుసన్నమాట.

బ్యాడ్జి (లైసెన్సు మీద రవాణా బండి నడిపే అనుమతి) లేకపోతే పికప్ నడపకూడదా? నడపొచ్చు. కారు లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోల వరకున్న రవాణా బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ తేల్చేసింది. దీని కోసం ఎవరికీ డబ్బులివ్వకండి.

సరుకు బాడుగకు తిప్పే పర్మిట్ అన్నిటికీ అక్కర్లేదు. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే కావాలి, లోపలుంటే వద్దు.

బీఎస్6 (కొత్త పొగ ప్రమాణం) బండి కొంటే సెన్సర్లతో చస్తాం అంటారు. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పీకేశారు. ఒకసారి స్కానర్ పెట్టించండి, అంతే. టెన్షన్ అక్కర్లేదు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది. టైరు పక్కన నాలుగంకెల నంబరుంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ముసలి టైరు ముసలిదే.

అపోహ: ఐదు లక్షలుంటే ఐదు లక్షల బండి కొనొచ్చు

కొనకూడదు, నాలుగు లక్షలదే కొనాలి. పేరు మార్పు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్రేకులు, ఆయిల్, బ్యాటరీ, వీటన్నిటికీ మొదటి నెలలోనే డబ్బు లేస్తుంది. అప్పటికి బాడుగలు ఇంకా మొదలవ్వవు. కంతు మాత్రం మొదలవుతుంది.

ఆ పొదలకూరు అబ్బాయికి జరిగిందిదే. బండి కొన్నాక చేతిలో 11 వేలు మిగిలాయి. బ్రేక్ పైపులు నాలుగూ మార్చాను. కూలి తర్వాత ఇవ్వమన్నాను, సామాన్ల డబ్బు మాత్రం తీసుకోక తప్పలేదు. చాసిస్‌కు రెండువైపులా పట్టీ వేయించి, సగం బరువు దాటొద్దని గట్టిగా చెప్పాను. నిమ్మకాయల సీజన్‌లో సగం బరువంటే సగం బాడుగే. రెండుసార్లు ఎక్కువ వేశాడు, రెండోసారి పట్టీ పక్కన మళ్లీ నెర్రె ఇచ్చింది. ఇప్పుడు ఆ బండితో టౌన్‌లో షామియానా కుర్చీలు తిప్పుతున్నాడు. ఉగాదికి నా కూలి తెచ్చిచ్చాడు. ఇంకో బండి చూస్తున్నాడట, ఈసారి బయానా ఇవ్వకముందే తెస్తానన్నాడు. ఒక ఆదివారం తెచ్చాడు కూడా. పడుకుని అడుగు చూసి లేచేసరికి, నా కంటే ముందు వాడే పానా పట్టుకుని వెనక బ్రాకెట్ తడుతున్నాడు.