ఆల్చిప్ప పిల్లల్లో కనిపించకుండా పోయే నాలుగో వంతు

పసిఫిక్ ఆల్చిప్ప ఒక్క విడతలోనే కోట్ల కొద్దీ గుడ్లను నీటిలోకి వదులుతుంది. ఫలదీకరణ జరిగిన ఒకటి రెండు రోజులకే లార్వాకు, అంటే గుడ్డు నుంచి వచ్చిన ఈదే పిల్లకు, తొలి పెంకు ఏర్పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది ఒక పక్క తిన్నగా, మరో పక్క గుండ్రంగా, మిల్లీమీటరులో పదో వంతు కూడా లేనంత చిన్నదిగా, వెంట్రుకల్లాంటి సన్నని శైలికలను ఆడిస్తూ ఈదుతుంటుంది. రెండు మూడు వారాలు గడిచాక దానికి ఒక కంటిచుక్క, ఒక పాదం వస్తాయి. ఆ పాదంతో అడుగును తడుముకుంటూ వెళ్లి, అనువైన చోట పెంకును అతికించుకొని, ఈదే అవయవాన్ని కోల్పోయి, ఇక జీవితాంతం అక్కడే ఉండిపోతుంది. ఈ రూపవిక్రియను దాటి బతికేవి సముద్రంలో నూటికి ఒకటి కూడా ఉండవు.

ఇన్ని మరణాలకు ఆకలి, శత్రుజీవులు, ప్రవాహాలు కారణమని అనుకోవడం సహజమే. కానీ తొట్టెల్లో తిండికి లోటు లేకుండా, శత్రువుల బెడద లేకుండా పెంచినా లార్వాలు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. దీనికి జన్యువుల్లోనే ఒక కారణం ఉందని జన్యుశాస్త్రవేత్తలు సోఫీ లోనే, డెన్నిస్ హెడ్జ్‌కాక్ 2001లో చూపించారు. తల్లిలోనూ తండ్రిలోనూ ఒక జన్యువుకు చెందిన చెడ్డ నకలు ఒక్కొక్కటి దాగి ఉంటే, మెండెల్ వారసత్వ సూత్రం ప్రకారం సంతానంలో నాలుగో వంతుకు రెండూ చెడ్డ నకళ్లే వస్తాయి. పుట్టిన కొద్ది గంటలకు పరీక్షిస్తే ఆ నాలుగో వంతు లెక్క ప్రకారమే ఉంది. కొన్ని వారాల తర్వాత అదే కుటుంబంలో వెతికితే చాలా జన్యుస్థానాల దగ్గర ఆ వర్గం తగ్గిపోయింది, కొన్నిచోట్ల పూర్తిగా మాయమైంది. తర్వాతి పరిశోధనల్లో ఈ మరణాలు ఎక్కువగా రూపవిక్రియ సమయంలోనే జరుగుతున్నట్లు తేలింది. శరీరం మొత్తాన్ని మార్చుకోవలసిన ఆ దశలో కొత్త జన్యువులు అనేకం ఒకేసారి పనిలోకి దిగాలి కనుక, అంతవరకు బయటపడని లోపాలు అక్కడ బయటపడడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత లోపభారం ఎక్కడినుంచి వచ్చింది? కోట్ల గుడ్లు తయారు కావాలంటే కణవిభజనలు ఎన్నోసార్లు జరగాలి, ప్రతి విభజనలోనూ నకలు తప్పే అవకాశం ఉంటుంది అన్నది ఒక వివరణ. నాకు ఇది సమంజసంగా తోస్తుంది. ఏదేమైనా, జంతువుల్లో జన్యు వైవిధ్యం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో ఆల్చిప్పలు ఒకటి.

ఆ వైవిధ్యం భారం మాత్రమే కాదు. అమెరికాలో లాంగ్ ఐలండ్ సౌండ్ అనే, ఉప్పు తక్కువైన సముద్రపాయలో మస్సెల్స్‌పై (ఆల్చిప్పల్లాంటి రెండు పెంకుల జీవులపై) జరిగిన పరిశీలన దీనికి చక్కని ఉదాహరణ. ప్రోటీన్లను విడగొట్టి అమైనో ఆమ్లాలను అందించే ఒక ఎంజైముకు సంబంధించిన జన్యురూపం ఒకటి ఉప్పెక్కువ ఉన్న బయటి సముద్రంలో విస్తారంగా ఉంటుంది. అది కణంలో అమైనో ఆమ్లాలను పెంచి ఉప్పునీటిని తట్టుకోవడానికి తోడ్పడుతుంది. ఉప్పు తక్కువైన చోట అదే పని వృథా ఖర్చై నత్రజని నష్టానికి దారితీస్తుంది. సముద్రం నుంచి కొట్టుకొచ్చిన లార్వాలు ఏటా సౌండ్ లోపల స్థిరపడతాయి, వాటిలో చాలావాటికి ఆ జన్యురూపం ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ దాన్ని మోసేవి ఎక్కువగా చనిపోతాయి. ప్రకృతి వరణం ప్రతి తరంలోనూ మళ్లీ మొదటినుంచి జరుగుతోందన్నమాట! మధ్యధరా మస్సెల్ లార్వాలను పీహెచ్ 8.1 ఉన్న నీటిలోనూ, అంతకంటే ఆమ్లత ఎక్కువైన పీహెచ్ 7.4 నీటిలోనూ విడివిడిగా పెంచిన ప్రయోగం 2019లో వెలువడింది. అందులో ఆమ్లత పెరిగిన నీటిలో బతికినవాటి జన్యు కూర్పు కొద్ది రోజుల్లోనే వేరుపడింది. జన్యువుల్లో కొత్త మార్పుల (ఉత్పరివర్తనల) కోసం ఎదురుచూసే అవసరం లేకుండా, ఉన్న వైవిధ్యమే అక్కరకు వచ్చింది.

అందుకే ఆల్చిప్ప పిల్లలను పుట్టించి పెంచే హేచరీల్లో జల్లెడ పట్టే పద్ధతి నాకు ఆందోళన కలిగిస్తుంది. కొద్ది రోజులకొకసారి లార్వాలను జల్లెడలో పోసి, పైన నిలిచిన పెద్దవాటిని ఉంచుకొని, కిందికి జారిన చిన్నవాటిని పారేస్తారు. అయితే పెరుగుదల వేగంలో జన్యువుల పాత్ర కూడా ఉంటుంది కాబట్టి, పోయే చిన్నవాటిలో కొన్ని కుటుంబాలు దాదాపు మొత్తంగా ఉండవచ్చు. వాటిలో అన్నీ బలహీనమైనవి కావు. కొన్ని నిదానంగా పెరిగి, ఆలస్యంగా అతుక్కొని, చక్కగా బతకగలవు. వాటిని మరో తొట్టెలో ఉంచి ఇంకొన్ని రోజులు మేత వేయడం, వైవిధ్యాన్ని నిలుపుకోవడానికి తల్లిదండ్రుల సంఖ్యను పెంచడంతో సమానమైన జాగ్రత్త.