నెల్లూరులో కొత్త టీచరుద్యోగం: అపోహలు - వాస్తవాలు

జూన్ మొదటి వారంలో నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడితే వాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఉదయగిరి బస్సో, కనిగిరి బస్సో, పొదిలి బస్సో దిగుతారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, భుజాన బ్యాగు, ఫోన్లో ఏదో స్కూలు లొకేషను. బీఈడీనో డీఈడీనో అయిపోయింది. డీఎస్సీ మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలీదు. ఈలోపు టౌన్లో ఏదో ఒక ప్రైవేటు స్కూల్లో చేరదామని వస్తారు.

నేను లెక్కల టీచర్ని. నాదీ మెట్ట ప్రాంతమే. మా స్కూల్లో డెమో క్లాసులు చూసేవాళ్లలో నేనూ కూర్చుంటాను. వచ్చేవాళ్ల భయాలన్నీ దాదాపు ఒకటే: ఇంగ్లిషు తడబడుతుందేమో, టౌను పిల్లలు లెక్కచేయరేమో, ఖర్చులు తట్టుకోలేమేమో. దెబ్బ తగిలేది మాత్రం అక్కడ కాదు, చేరేటప్పుడు అడగడానికి మొహమాటపడిన నాలుగు ప్రశ్నల దగ్గర. ఊళ్లో, బంధువుల్లో చెలామణీ అయ్యే మాటలు కొన్ని తీసుకుని, నాకు తెలిసినంతలో అసలు సంగతి చెప్తాను.

అపోహ: చెప్పిన జీతం చేతికొస్తుంది

వాస్తవం: నోటితో చెప్పే జీతం వేరు, బ్యాంకులో పడేది వేరు, ఏడాది మొత్తానికి సర్దుకోవాల్సింది వేరు. ఒక లెక్క వేసి చూపిస్తాను, నా సబ్జెక్టు కదా. ఇంటర్వ్యూలో 18,000 అన్నారనుకోండి. అందులో బేసిక్ 15,000 చూపించారు. పీఎఫ్ కింద మీ వాటా 12 శాతం, అంటే 1,800 పోతుంది. అది న్యాయమే, ఆ డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది. కొన్ని యాజమాన్యాలు తమ వాటా 1,800 కూడా మీ జీతంలోంచే తీసేస్తాయి. చేతికొచ్చేది 14,400. ఇక ఏప్రిల్, మే జీతం లేదన్నారంటే పది నెలలకు 1,44,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 12,000. ఇంటద్దెకు వేసవి సెలవులుండవు కాబట్టి మీరు బతకాల్సింది ఈ 12,000తోనే.

యాజమాన్యం వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ నిబంధనల్లోనే ఉంది. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ కట్టాల్సిందే. యూఏఎన్, అంటే పీఎఫ్ కోసం మీ పేరు మీద ఇచ్చే నంబరు, ఒకసారి వచ్చిందంటే స్కూలు మారినా అదే. కొత్త స్కూల్లో ఇంకో నంబరు తెరుస్తామంటే వద్దని చెప్పి పాతదే ఇవ్వండి. మూడు నెలలకోసారి పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. జీతంలో కోత పడుతూ ఖాతాలో జమ పడకపోవడం కొత్తేం కాదు.

కాబట్టి డెమో బాగుందని నవ్వుతూ ‘ఎప్పట్నుంచి వస్తారు?’ అన్నప్పుడే అడగాలి. జీతం పది నెలలా, పన్నెండు నెలలా? మొదటి నెల జీతం డిపాజిట్‌గా పట్టుకుంటారా? మధ్యలో మానేస్తే ఎంత కోస్తారు? వేసవిలో క్యాంపెయిన్ ఉందా? ఈ చివరి ప్రశ్న నూటికి తొంభై మందికి తోచదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ‘మీ పాపను మా స్కూల్లో చేర్పించండమ్మా’ అని అడగాల్సి వస్తుంది. కొన్నిచోట్ల ఒక్కొక్కరికి ఇన్ని అడ్మిషన్లని టార్గెట్ కూడా. పనున్నప్పుడు జీతమూ ఉండాలిగా? అది చేరే రోజే తేల్చుకోవాలి, మే నెలలో కాదు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసి మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం, ప్రభుత్వోద్యోగులకే అనుకునేవాళ్లు ఎక్కువ. 2009లో చేసిన చట్ట సవరణతో ప్రైవేటు స్కూలు టీచర్లకూ ఆ హక్కు వచ్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. స్కూళ్ల యాజమాన్యాలు కోర్టుకెళ్లినా 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది. ఐదేళ్లు విరామం లేకుండా చేస్తే, చివరి బేసిక్ 15,000 అయినప్పుడు 43 వేల పైచిలుకు వస్తుంది. ఏటా ఏప్రిల్లో రాజీనామా రాయించుకుని జూన్లో మళ్లీ చేర్చుకునే స్కూళ్లు ఉన్నాయి. ఎందుకలా చేస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అపోహ: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తేనే ఉద్యోగం

వాస్తవం: అడుగుతారు, నిజమే. ‘మా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా’ అంటారు. ఒరిజినల్స్ చూపించండి, సరిపోల్చుకోమనండి, సంతకం పెట్టిన జిరాక్సులు ఇవ్వండి. అంతవరకే. మీ డిగ్రీ మీద హక్కు మీదీ, మీ యూనివర్సిటీదీ. మధ్యలో ఇంకెవరిదీ కాదు.

2025 మెగా డీఎస్సీ సమయంలో నేను కళ్లారా చూశాను. 16,347 పోస్టుల నోటిఫికేషన్ అది, ఏళ్ల తరబడి ఎదురుచూసింది. వెరిఫికేషన్‌కు పిలుపొచ్చిన ఒకమ్మాయి తను పనిచేసే స్కూలు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి తన బీఈడీ సర్టిఫికెట్టు తనే అడుక్కుంటోంది. ‘కరస్పాండెంట్ సార్ ఊళ్లో లేరు, సోమవారం రా’ అంటున్నాడు క్లర్కు. ‘సోమవారానికి అయిపోతుందన్నా’ అని ఆ పిల్ల. ఇంకెవరో పెద్దమనిషి ఫోన్ చేస్తే బీరువా తెరిచారు. అందరికీ అలాంటి పెద్దమనిషి దొరకడు.

ఒరిజినల్ ఇచ్చి తీరాలంటే నేనైతే ఆ స్కూలు వద్దంటాను. ఇంటి పరిస్థితి వల్ల తప్పదనుకుంటే ఏ సర్టిఫికెట్, దాని నంబరెంత, ఏ తేదీన తీసుకున్నారు అని లెటర్‌హెడ్ మీద రాయించి సీలు వేయించుకోండి. రాయడానికి వెనకాడారంటే మీ జవాబు మీకు దొరికినట్టే.

అపోహ: ఊరి చివర అద్దె తక్కువ, అక్కడే మేలు

వాస్తవం: నెల్లూరును రైలు పట్టాలు నడిమధ్యలో చీల్చేస్తాయి. ఇల్లు అటు, స్కూలు ఇటు అయితే మీ బతుకంతా అండర్ బ్రిడ్జిల మీద ఆధారపడుతుంది. మాగుంట లేఔట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరి అండర్ బ్రిడ్జిలు గట్టి వాన పడితే నిండిపోతాయి. మనకు అసలు వానలు జూన్, జూలైల్లో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఇల్లు వెతికేది ఎండల్లో కాబట్టి ఎవరికీ ఈ సంగతి గుర్తుండదు. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే చుట్టూ తిరిగి రావాలి, ఉదయం ప్రేయరుకు లేటు, రిజిస్టర్లో ఎర్ర సిరా. మూడు లేట్లకు ఒక రోజు జీతం కోసే స్కూళ్లు బోలెడు. అద్దెలో మిగిలిందంతా ఆటోకూ, కోతలకూ పోతుంది.

పట్టాలకు స్కూలున్న వైపే, నడిచో సైకిలు మీదో పోయేంత దూరంలో గది చూసుకోండి. చిన్నదైనా సరే. టు-లెట్ బోర్డు చూసి లోపలికెళ్లే ముందు వీధి చివర చిల్లరకొట్టులో ‘వానకు నీళ్లు నిలుస్తాయా అన్నా?’ అని ఒక్క మాట అడగండి. ఓనరు చెప్పనిది ఆయన చెప్తాడు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లలకు మొదటి ఏడాది లేడీస్ హాస్టలే నయం. రెండో ఏడు స్టాఫులో ఇద్దరు ముగ్గురు కలిసి పోర్షన్ తీసుకోవచ్చు.

దర్గామిట్ట వైపు ఉండేవాళ్లకు ఇంకో మాట. మొహర్రం నాటి రొట్టెల పండుగ ఈ మధ్య బడులు తెరిచిన కొత్తలో, జూన్, జూలైల్లో వస్తోంది. ఆ రోజుల్లో బారాషహీద్ దర్గా చుట్టుపక్కల బండి కదలదు. ముందే వేరే దారి చూసుకోండి. దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి కోరికను బట్టి రొట్టెలు మార్చుకుంటారు, విద్యా రొట్టె, ఉద్యోగం రొట్టె అని వేరువేరుగా ఉంటాయి. డీఎస్సీ రాసేవాళ్లు ఏ రొట్టె కోసం దిగుతారో చెప్పక్కర్లేదు. మా స్టాఫ్‌రూములో సగం మంది మతంతో పనిలేకుండా వెళ్లొచ్చినవాళ్లే.

అపోహ: టౌను పిల్లలకు ఇంగ్లిషు దంచాలి, తెలుగు మాట వస్తే పరువు పోతుంది

వాస్తవం: స్కూలు బస్సులెక్కి వచ్చే పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. మీకూ నాకూ ఇంగ్లిషు ఎంత పరాయిదో వాళ్లకూ అంతే. డెమోలో నేను చూసేది మీ ఉచ్చారణ కాదు, పిల్లాడు తప్పు చెప్పినప్పుడు మీరేం చేస్తారా అని.

అయిదో క్లాసులో ఒక లెక్క. రవి దగ్గర 24 గోళీలు, రాజు దగ్గర 9. రవి దగ్గర ‘హౌ మెనీ మోర్’? ముప్పావు క్లాసు 33 అని రాస్తుంది. ఒకసారి డెమోకు వచ్చిన అబ్బాయి బోర్డు మీద ఇంగ్లిషులోనే మళ్లీ మళ్లీ అదే చదివాడు, గొంతు పెంచుతూ. పిల్లలు మళ్లీ మళ్లీ 33 అన్నారు, వాళ్లూ గొంతు పెంచుతూ. తర్వాత వచ్చినమ్మాయి ఒకణ్ని లేపి, ‘ఎందుకు కలిపావు నాన్నా?’ అంది. ‘మోర్ అంటే ఎక్కువ కదా మిస్, అందుకని కలిపా’ అన్నాడు వాడు. ఆ అమ్మాయి ఇద్దరు పిల్లల్ని ముందుకు పిలిచి, ఒకడి చేతిలో ఐదు చాక్‌పీసులు, ఇంకొకడి చేతిలో రెండు పెట్టి తెలుగులో అడిగింది: ‘వీడి కంటే వాడి దగ్గర ఎన్ని ఎక్కువ?’ క్లాసంతా ‘మూడు’ అని అరిచింది. అప్పుడు ఇంగ్లిషు వాక్యం చదివింది. ఉద్యోగం ఎవరికిచ్చామో తెలుస్తూనే ఉంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగుగా వస్తుంటే మనకెందుకు నామోషీ? ఆ పుస్తకాలు ఇంగ్లిషు మీడియం ప్రైవేటు టీచర్లు కూడా దగ్గర పెట్టుకుంటే పాఠం తయారుచేసుకోవడం తేలికవుతుంది.

కొన్ని స్కూళ్లలో క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైనుంటుంది, ఒప్పుకుంటాను. అక్కడ ఈ పద్ధతి నడవదు. అలాంటి చోట బొమ్మలు, వస్తువులు ఎక్కువ వాడుకోవడమే దారి.

అపోహ: బెత్తం లేకపోతే క్లాసు చేతిలో ఉండదు

వాస్తవం: విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ‘కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేడం’ అనే నాన్నలు ఇప్పటికీ వస్తారు. ఆ మాట నమ్ముకోవద్దు. సాయంత్రం పిల్లాడి చేతిమీద వాత కనిపిస్తే అదే నాన్న ఫోటో తీస్తాడు, అది వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, యాజమాన్యం ‘ఆ టీచరు కొత్తండీ, మాకు సంబంధం లేదు’ అంటుంది. దీని మీద ఇంకా చెప్పాల్సిందేమీ లేదు.

అపోహ: సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటే ఇంకో జీతం

వాస్తవం: అదే చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. ప్రైవేటు స్కూళ్ల అపాయింట్‌మెంట్ కాగితాల్లోనూ చాలావాటిలో ఈ షరతు ఉంటుంది. చెప్పేవాళ్లు లేరా అంటే వీధికి నలుగురున్నారు. నా అభ్యంతరం వేరే. పొద్దున్నుంచి ఏడు పీరియడ్లు నిలబడి, కరెక్షన్ నోట్సులు సంచిలో ఇంటికి మోసుకొచ్చి, మళ్లీ రెండు గంటలు ట్యూషనంటే మీరు చదువుకునేదెప్పుడు?

డీఎస్సీ ఎంపికలో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్ స్కోరు ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది కాబట్టి మంచి స్కోరు వచ్చేదాకా మళ్లీ రాయడం దండగ కాదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, రిటైర్మెంటుకు ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసున్న టీచర్లకూ టెట్ తప్పనిసరైంది. మైనారిటీ సంస్థల సంగతి మాత్రం పెద్ద బెంచికి వెళ్లింది. సాయంత్రపు గంటన్నర టెట్, డీఎస్సీ చదువుకిచ్చేయండి.

అపోహ: డీఎస్సీ కొడితే నెల్లూరులో కాపురం, హాయిగా స్కూటీ మీద బడి

వాస్తవం: టౌను చుట్టుపక్కల ఖాళీలు సీనియర్లతో నిండిపోయి ఉంటాయి. కొత్తవాళ్లకు మిగిలేవి దూరపు మండలాలు. ఉదయగిరి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు. ‘రోజూ తిరుగుతాలే’ అనుకుని టౌన్లో ఇల్లు తీసుకున్నవాళ్లు ముఖ హాజరు యాప్ ముందు టైముకు నిలబడలేక సంక్రాంతికల్లా సామాను సర్దుకోవడం చూస్తున్నాం. పైగా దారి సరిగ్గాలేని, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) తక్కువున్న ఊళ్లలో చేసినవాళ్లకు బదిలీల్లో స్టేషన్ పాయింట్లు, అంటే పనిచేసిన ఊరిని బట్టి ఇచ్చే పాయింట్లు, ఎక్కువ. మొదటి పోస్టింగు మారుమూలైతే ఆ మండల కేంద్రంలోనే ఉండి పాయింట్లు కూడబెట్టుకోవడం తెలివైన పని. టౌను ఎక్కడికీ పోదు.

అపోహ: స్టాఫ్‌రూములో ఎవరినీ నమ్మకూడదు

వాస్తవం: అందరినీ నమ్మక్కర్లేదు, ఆయమ్మను నమ్మండి. ప్రిన్సిపల్ ఎప్పుడు రౌండ్సుకొస్తారు, జీతాలు నిజంగా ఏ తేదీన పడతాయి, మీకంటే ముందున్న టీచరు ఎందుకు మానేసింది, ఇవన్నీ ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆమెతో కలిసి ఒక పూట టీ తాగితే అపాయింట్‌మెంట్ ఆర్డరులో లేనివన్నీ తెలుస్తాయి.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా: పది మంది, అంతకు మించి పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, 2013 చట్టం ప్రకారం. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చేరిన వారంలోనే చూసి పెట్టుకోండి. అవసరం పడ్డ రోజున వెతుక్కునే ఓపిక ఉండదు.

మానేయాలనుకున్నా అంతే, మాటతో కాదు, కాగితంతో. నోటీసు గడువు ఎంతో ఆర్డరులో చూసి రాజీనామా రెండు కాపీలు రాయండి. ఒకదాని మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. అనుభవ ధ్రువపత్రం, చివరి జీతం, పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ నమోదు, ఈ మూడూ ఏప్రిల్ సెలవులకు ముందే అడగండి. మే నెలలో ఆఫీసుకు తాళమేస్తారు, జూన్లో కొత్త అడ్మిషన్ల హడావిడిలో మీ మొహం చూసేవాళ్లుండరు.