చక్కెర ఎరుగని పిల్లి, కారం తగలని చిలుక

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని సామెత. చూడటం మొదలుపెడితే మాత్రం మనమే చూపు తిప్పుకోలేం. గిన్నె పక్కనే నేల మీద కూర్చుని గమనించండి. చప్పుడు దాదాపు ఉండదు. గడ్డం తడవదు, చుట్టూ చుక్క పడదు. నాలుక మాత్రం సెకనుకు సుమారు నాలుగు సార్లు లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది. అంత వేగాన్ని మన కన్ను పట్టుకోలేదు.

అప్పట్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా ఉన్న రోమన్ స్టాకర్ తన పెంపుడు పిల్లి తాగే తీరు చూసి, అసలిది ఎలా సాధ్యమని ఆలోచనలో పడ్డారు. తోటి పరిశోధకులతో కలిసి, అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాతో ఆ నాలుకను పట్టుకున్నారు. 2010లో వారు ప్రకటించిన విషయం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా కొత్తగానే ఉంటుంది. పిల్లి తన నాలుకను గరిటెలా వాడదు. కొసను వెనక్కి మడిచి, ఆ మడతను పాల ఉపరితలానికి ఇలా తాకించి అలా పైకి లాగేస్తుంది. నాలుకకు అంటుకున్న పాలు సన్నని ధారగా దాని వెంటే లేస్తాయి. భూమ్యాకర్షణ ఆ ధారను కిందికి లాగేసే లోపే పిల్లి నోరు మూసేస్తుంది. ఒక్కోసారికి దక్కేది మిల్లీలీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. సింహం, పులి కూడా ఇలాగే తాగుతాయి. వాటి నాలుక పెద్దది కాబట్టి వేగం తగ్గుతుంది. (ఈ విద్య చూడటానికి పాలే పోయాలని లేదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగా అరగదు. నీళ్లు పోసి పెట్టినా ఇదే కనిపిస్తుంది.)

ఇంత నేర్పుగా తాగే ఈ జంతువుకు, ఆ పాలలో మనం చక్కెర కలిపామో లేదో తెలియదు.

తీపిని గుర్తించడానికి నాలుక మీద ఒక ప్రత్యేకమైన గ్రాహకం ఉండాలి. అది రెండు ప్రొటీన్లు జతకూడితేనే తయారవుతుంది. పిల్లిలో ఒక ప్రొటీన్ సరిగానే ఉంది. రెండోదాన్ని తయారుచేయవలసిన జన్యువులో 247 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయి. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో ఈ లోపాన్ని బయటపెట్టారు. పులిలోనూ చీతాలోనూ ఇదే ఖాళీ కనిపించింది. అంటే ఇది ఒక ఇంటి పిల్లికి వచ్చిన లోటు కాదు, వాటి పూర్వీకుల నాటిది. మాంసం తప్ప మరొకటి వెతకని జీవికి తీపి గుర్తుపట్టలేకపోవడం వల్ల నష్టమేమీ కలగలేదు. మరి ఐస్‌క్రీమ్ చూసి పిల్లి ఎందుకు ఎగబడుతుందని మీరు అడగవచ్చు. దానిని రప్పించేది అందులోని కొవ్వు, పాల ప్రొటీన్లు. మనం తీపి తింటుంటే, అదే గిన్నెలో అది మరేదో తింటోంది.

నాకు ఇందులో నచ్చేది ఇదే. రుచి పదార్థంలో ఉందనుకుంటాం. సగం తినేవారి నాలుకలో ఉంది. వెదురు తిని బతికే పాండా దీనికి తిరగేసిన ఉదాహరణ. తీపి దానికి తెలుసు. మాంసానికి కమ్మదనాన్నిచ్చే ఉమామి రుచిని గుర్తించే జన్యువు మాత్రం దానిలో చెడిపోయింది.

పక్షుల సంగతి ఇంకా వింత. పిల్లికి చెడిపోయిన ఆ తీపి జన్యువు పక్షుల్లో అసలు లేనే లేదు. అయినా హమ్మింగ్ పక్షి ఎక్కువగా మకరందం తాగే బతుకుతుంది. ఎలా? ఉమామిని గుర్తించే గ్రాహకమే దానిలో మెల్లమెల్లగా రూపు మార్చుకుని చక్కెరను పట్టుకోవడం నేర్చింది. 2014లో ఈ సంగతి తేలింది. పోగొట్టుకున్న తాళంచెవి దొరక్క, మరో తాళంచెవిని అరగదీసి అదే తలుపు తీసినట్టుంది.

ఇక చిలుక. పండుమిరపకాయను కాలితో పట్టుకుని, ముక్కుతో తొక్క చీల్చి, గింజలను నింపాదిగా నములుతుంది. కంట నీరు రాదు, నీళ్ల కోసం వెతకదు. షడ్రుచుల్లో కారానికి చోటుంది గానీ, శరీరశాస్త్రం దృష్టిలో కారం రుచి కాదు, నొప్పి. మిరపలోని కాప్సైసిన్ మన నరాల చివర ఉండే ఒక గ్రాహకాన్ని తెరుస్తుంది. ఆ గ్రాహకం అసలు పని, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మెదడును హెచ్చరించడం. కాప్సైసిన్ తగిలినా అది అదే హెచ్చరిక పంపుతుంది. నిప్పుకూ మిరపకాయకూ మన భాషలో ఒకటే మాట ఉంది: మంట. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించడానికి ఎంతో ముందే భాష ఆ చుట్టరికాన్ని పట్టేసింది. జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

పక్షుల్లోనూ ఈ గ్రాహకం ఉంది. వేడికి స్పందిస్తుంది, కాప్సైసిన్‌కు మాత్రం కదలదు. ఇందులో మొక్కకు లాభముంది. అరిజోనాలో అడవి మిరప మీద చేసిన అధ్యయనం 2001లో అచ్చయింది. ఎలుకలకు కారం లేని రకం పెడితే అవి గింజలను నమిలేశాయి, ఒక్కటీ మొలకెత్తలేదు. త్రాషర్ అనే పిట్ట కడుపులోంచి బయటపడ్డ గింజలు మాత్రం చక్కగా మొలిచాయి. గింజను పగలగొట్టే ముక్కున్న చిలుక మాట ఎలా ఉన్నా, కాయను మింగి దూరంగా ఎగిరిపోయే పిట్టలే మిరపకు కావాలి. గింజ నమిలే పళ్లున్నవాటిని తరిమేయడానికి ఆ కారం పనికొస్తుంది. మనకూ పళ్లున్నాయి, మనమూ మండి చేయి వెనక్కి తీయవలసినవాళ్లమే. కానీ కళ్లు తుడుచుకుంటూ రెండో ముద్ద కలుపుకుంటాం. అప్పుడు నీళ్లకంటే పాలు మేలు. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, పాలలోని కొవ్వూ కేసీన్ ప్రొటీనూ దాన్ని పట్టుకుని తీసుకుపోతాయి.

నాలుకే రుచి చూడాలన్న నియమం కూడా లేదు. పిల్లి నాలుక మీద రుచి మొగ్గలు కొన్ని వందలే, మన నోట్లో కొన్ని వేలు. క్యాట్‌ఫిష్ జాతి చేపల్లో కొన్నింటికి లక్షకు పైగా ఉంటాయి. మీసాల మీద, పొట్ట మీద, ఒళ్లంతా. బురద నీటిలో ఏమీ కనిపించకపోయినా ఎర ఎటువైపు ఉందో చర్మమే చెబుతుంది.

ఈగకైతే ఆ పని కాళ్లది. దాని పాదాల మీద సన్నని రోమాలున్నాయి, ఒక్కొక్క రోమం మొదట్లో రుచి తెలిసిన నాడీకణాలున్నాయి. ఈగను కదలకుండా పట్టి, చక్కెర నీటిలో ముంచిన కుంచెను దాని కాలికి తాకిస్తే చాలు, మడిచి పెట్టుకున్న తొండం దానంతట అదే బయటికి సాగుతుంది. కాబట్టి బల్ల మీద ఒలికిన చక్కెర పలుకు మీద ఈగ వాలినప్పుడు, మన చేయి లేచేసరికే దానికి ఆ తీపి అందిపోయింది.